నీళ్లు లేని అద్దం



నేను అమెరికా నుంచి వచ్చి నాలుగు నెలలు దాటింది. వచ్చిన మొదటి ఆదివారమే చాలామంది అడిగారు, "అయ్యగారూ, అక్కడ ఏమేం చూశారు?" అని. కొండలు చూశాను, జలపాతాలు చూశాను అని చెప్పి ఫోన్‌లో నాలుగు ఫోటోలు చూపించాను. ఆ ఫోటోల వెనక ఉన్న సంగతి మాత్రం చెప్పలేదు. కొందరు పెద్దలు ఇంకో ప్రశ్న కూడా అడిగారు, "అయ్యగారూ, మందిరానికి స్లాబు ఎప్పుడు వేస్తున్నాం?" అని. దానికీ నేను సూటిగా జవాబు చెప్పలేదు. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

నన్ను పిలిపించింది మన సంఘంలో పెరిగిన తమ్ముడే. సండే స్కూల్లో కంఠత వాక్యాలు చెప్పి బహుమతులు తీసుకున్న పిల్లవాడు ఇప్పుడు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. పేరు రాయను. రాస్తే మన మధ్య కూర్చునే వాళ్ల అమ్మ సిగ్గుపడుతుంది. టికెట్ అతనే తీశాడు. మూడు వారాలు వాళ్లింట్లోనే ఉన్నాను. అక్కడి తెలుగు సహవాసంలో రెండు ఆదివారాలు వాక్యం చెప్పే అవకాశం దేవుడు ఇచ్చాడు. ఆ రెండు ఆదివారాల మధ్య వచ్చిన శనివారం నన్ను యోసెమిటీ అనే నేషనల్ పార్కుకు తీసుకెళ్లాడు.

వాళ్ల వంటగది గోడకు ఒక క్యాలెండర్ ఉంది. అందులో యోసెమిటీ జలపాతం బొమ్మ. ఆకాశం నుంచి ఎవరో పాలకుండ వంచినట్టు ఉంటుంది. రోజూ పొద్దున టీ తాగుతూ దాన్నే చూసేవాణ్ని. దాని ఎత్తు 2,425 అడుగులు అని తమ్ముడు చెబితే నోట మాట రాలేదు. మన మాచర్ల దగ్గర ఎత్తిపోతల సుమారు 70 అడుగులు ఉంటుంది. అలాంటివి 34 ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా దీని ఎత్తు రాదు. "సెప్టెంబరు నెలాఖరు కదా అయ్యగారూ, నీళ్లు ఉండకపోవచ్చు" అని అతను ముందే అన్నాడు. నేను లెక్కచేయలేదు. అంత పెద్ద జలపాతం ఎండుతుందా అనుకున్నాను.

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. తమ్ముడు, చెల్లెమ్మ, వాళ్ల ఎనిమిదేళ్ల పాప, నేను. చెల్లెమ్మ పులిహోర, పెరుగన్నం కట్టింది. నాలుగు గంటల ప్రయాణం. మొదట ఎండిన గడ్డి కొండలు, తర్వాత పళ్లతోటలు, ఆ తర్వాత మలుపులు తిరుగుతూ సియెర్రా నెవాడా కొండల మీదికి ఎక్కే రోడ్డు. ఈ లోయను కాపాడాలని 1864లోనే అబ్రహాం లింకన్ చట్టం మీద సంతకం పెట్టాడు. అప్పటికి అక్కడ అంతర్యుద్ధం జరుగుతోంది. తర్వాత 1890లో ఇది నేషనల్ పార్కు అయింది. లోయలోకి దిగేసరికి రెండు వైపులా బూడిదరంగు గ్రానైట్ గోడలు నిలబడి ఉన్నాయి. ఎల్ కాపిటన్ అనే ఒక్క రాయే నేల మీద నుంచి సుమారు 3,000 అడుగులు లేచింది. కారు అద్దంలోంచి దాని తల కనబడదు. కిందికి దిగి మెడ వెనక్కి వంచి చూడాలి.

జలపాతం దగ్గరికి నడిచాం. అడ్డదారి లేదు, పెద్ద చెట్ల మధ్య చక్కని బాట. నడుస్తున్నంతసేపూ హోరు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఏమీ వినబడలేదు. చెట్లు దాటి చూస్తే ఎదురుగా గోడ ఉంది, గోడ మీద పై నుంచి కిందిదాకా నీళ్లు పారిన నల్లటి మరక ఉంది. నీళ్లు లేవు. చుక్క కూడా లేదు. కింద గుండ్రాళ్ల మీద పిల్లలు ఎక్కి ఆడుకుంటున్నారు.

పాప వాళ్ల నాన్నను అడిగింది, "డాడీ, ట్యాప్ ఎవరు కట్టేశారు?"

అందరం నవ్వాం. తమ్ముడు విడమరిచి చెప్పాడు. ఈ జలపాతానికి నీళ్లు ఇచ్చేది పైన చలికాలంలో పడే మంచు. ఎండలు ముదిరితే మంచు కరిగి మే నెలలో ధార ఉద్ధృతంగా దూకుతుంది. క్యాలెండర్ ఫోటో అప్పటిది. అయితే పైన ఆ వాగు పారే నేల చాలావరకు వట్టి గ్రానైట్ బండ. మట్టి తక్కువ. కరిగిన నీరు కరిగినట్టే జారిపోతుంది, ఇంకి నిలిచేది కొంచెమే. అందుకే చాలా ఏళ్లు ఆగస్టు వచ్చేసరికి ఎండిపోతుంది. మళ్లీ వానలు పడితేనే ప్రాణం వస్తుంది.

నాకు వెంటనే యోబు గ్రంథం ఆరో అధ్యాయం గుర్తొచ్చింది. 15 నుంచి 20 వరకు వచనాలు తీసి చదవండి. యోబు తన స్నేహితులను వాగులతో పోలుస్తాడు. మంచు కరిగినప్పుడు పొంగుతాయి, వేడి తగలగానే కనబడకుండా పోతాయి. వాటిని నమ్ముకుని వచ్చిన ఎడారి బాటసారులు సిగ్గుపడి నిలబడతారు. బైబిల్ కళాశాలలో డిప్లొమా చదివే రోజుల్లో ఆ భాగం మీద పది పేజీల వ్యాసం రాశాను. మంచి మార్కులే వచ్చాయి. మంచు నీటి వాగు అంటే ఏమిటో మాత్రం ఆ రోజు కళ్లతో చూశాను. నేను కూడా తేమా బాటసారిలాగే గోడ ముందు నిలబడ్డాను.

అప్పటికి ఇది మంచి ప్రసంగానికి పనికొస్తుందని మాత్రమే అనుకున్నాను. ఫోన్‌లో రెండు ముక్కలు రాసుకున్నాను కూడా.

అక్కడి నుంచి మిర్రర్ లేక్ అనే చోటికి వెళ్లాం. అద్దం చెరువు అనుకోండి. బస్సు దిగి ఒక మైలు నడవాలి. ఎదురుగా హాఫ్ డోమ్ అనే కొండ, పెద్ద గుండ్రాయిని నిలువునా సగానికి కోసినట్టు, లోయ నేల మీద నుంచి సుమారు 4,700 అడుగులు లేచి ఉంటుంది. దాని నీడ నీళ్లలో తలకిందులుగా కనబడుతుందని, నూటయాభై ఏళ్ల కిందటి నుంచే ఫోటోలు తీసేవాళ్లు కెమెరాలు మోసుకుని వచ్చేవారని తమ్ముడు దారిలో చెప్పాడు. చేరేసరికి అక్కడ ఇసుక ఉంది, పసుపు పచ్చగా మారిన గడ్డి ఉంది. అద్దం లేదు. పాప చెప్పులు విప్పి ఇసుకలో పరిగెత్తింది.

తమ్ముడు అక్కడున్న బోర్డు చదివి తెలుగులో చెప్పాడు. ఎప్పుడో పై నుంచి బండలు విరిగిపడి టెనాయా అనే వాగుకు అడ్డం కట్టాయి. అలా ఈ మడుగు ఏర్పడింది. వాగు ఏటా ఇసుక, మట్టి తెచ్చి పోస్తుంది. మడుగు పూడుకుపోతూ గడ్డిబీడుగా మారుతూ ఉంటుంది. అది దాని సహజ స్వభావం. అయితే చూడటానికి వచ్చేవాళ్లు నిరాశపడకూడదని చాలా ఏళ్లు పార్కువాళ్లు ఆ ఇసుక తవ్వి తీసేవారు. తీసిన ఇసుకను చలికాలంలో మంచు గడ్డకట్టిన రోడ్ల మీద చల్లేవారట. 1971 దాకా అలా చేసి, తర్వాత మానుకున్నారు.

"ఎందుకు మానేశారు?" అని పాప అడిగింది.

"ఫోటో కోసం చెరువును చెరువుగా నిలబెట్టడం దేనికని వదిలేశారమ్మా. అది ఎలా మారాలో అలా మారుతుంది" అన్నాడు తమ్ముడు.

అతను మామూలుగానే అన్నాడు. నా చెవులు మాత్రం వేడెక్కాయి. ఎందుకో ఇప్పుడు మీకు చెప్పాలి.

దానికి ముందు ఆదివారం, ఆ తెలుగు సహవాసంలో వాక్యం అయ్యాక, మన సంఘం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. నేను తెర మీద ఒక ఫోటో చూపించాను. మీకు తెలిసిన ఫోటోనే, కిందటి క్రిస్మస్ రోజు పందిరి కింద తీసింది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల నుంచి వచ్చిన బంధువులు, భోజనానికి వచ్చిన పిల్లలు, అందరూ అందులో ఉన్నారు. ఆ ఫోటో చూపించి, "మాది 350 మంది ఆరాధించే సంఘం, మందిరం చాలడం లేదు" అన్నాను. మన ఆదివారం హాజరు ఎంతో మీకు తెలుసు. 70 మంది వస్తే నేను సంతోషిస్తాను. మిర్చి కోతలప్పుడు 40 దాటరు. మందిరం చాలకపోవడం ఏడాదిలో రెండు రోజులే. ఆ మాట విని అక్కడివాళ్లు కదిలిపోయారు. పొడిగింపుకూ, స్లాబుకూ పెద్ద మొత్తం ఇస్తామని ఆ రోజే మాట ఇచ్చారు. నేను దేవునికి స్తోత్రం చెప్పాను. ఆ స్తోత్రం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను మే నెల ఫోటో చూపించి సెప్టెంబరు జలపాతాన్ని అమ్మాను. అంతకుముందు పదేళ్లుగా నేను చేస్తున్నదీ ఇసుక తవ్వడమే. పాస్టర్ల కూటాల్లో సంఖ్య అడిగితే కొంచెం పెంచి చెప్పడం, బాప్తిస్మాలు ఎన్ని అంటే రెండేళ్లవి కలిపి చెప్పడం. ఎవరూ నిరాశపడకూడదని. ముఖ్యంగా నన్ను చూసి ఎవరూ నిరాశపడకూడదని.

దావీదు జనసంఖ్య చూసిన సంగతి 2 సమూయేలు 24లో ఉంది. లెక్క పూర్తయ్యాక అతని మనసే అతన్ని గద్దించింది. దావీదు ఉన్నవాళ్లను లెక్కపెట్టాడు. నేను లేనివాళ్లను కూడా లెక్కపెట్టాను.

ఇంకో బాధ ఉంది. నేను ఆ మాట అన్నప్పుడు తమ్ముడు రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. అతను ఈ సంఘంలోనే పెరిగాడు. అతనికి తెలియదా? అయినా ఆ వారమంతా ఒక్క మాట అనలేదు. నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు పళ్లు తెచ్చాడు, ఇప్పుడు కొండలు చూపిస్తున్నాడు. ఆ ఇసుకలో నిలబడ్డప్పుడు అది నా మీద బండలా పడింది.

మధ్యాహ్నం అన్నం తిని బ్రైడల్‌వీల్ జలపాతం దగ్గర ఆగాం. పెళ్లికూతురి మేలిముసుగు అని అర్థం. 620 అడుగులు. యోసెమిటీ జలపాతంలో నాలుగో వంతు. ఫోటోల్లో పెద్దదాని పక్కన దీన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ అందులో నీళ్లు ఉన్నాయి! సన్నని ధార, గాలి వీస్తే పక్కకు ఊగి తుంపరగా విడిపోతుంది, మళ్లీ కలుస్తుంది. ఇది ఏడాది పొడుగునా పారుతుందట. అదే కొండలు, అదే మంచు, అదే ఎండ. తేడా పైన ఉంది. ఈ వాగు పుట్టేచోట అడవి ఉంది, పచ్చికబీళ్లు ఉన్నాయి, మట్టి ఉంది. కరిగిన మంచును ఆ నేల తాగి దాచుకుని, ఎండల్లో కొంచెం కొంచెంగా వదులుతుంది. కింద నిలబడి చూసేవాడికి ఆ మట్టి కనబడదు.

రాతి నేలన పడిన విత్తనం సంగతి మత్తయి 13లో మన ప్రభువు చెప్పాడు. మన్ను లోతుగా లేనిచోట మొలక తొందరగానే లేస్తుంది, ఎండకు తొందరగానే మాడిపోతుంది. ఈ ఉపమానం మీద మీకు ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. ప్రతిసారీ రాతి నేల అంటే మీలో ఎవరో గుర్తొచ్చేవారు. ఫలానా కుటుంబం వచ్చి మానేసింది, ఫలానా యువకుడు చల్లారిపోయాడు అని. ఆ రోజు తుంపర మొహాన పడుతుంటే నా ఉదయాలు గుర్తొచ్చాయి. ప్రసంగం కోసం తప్ప బైబిలు తెరవని ఉదయాలు. ఎవరైనా అడిగితే తప్ప మోకరించని రాత్రులు. వేదిక మీద హోరు ఉంది, పైన మట్టి లేదు.

అదే సమయంలో మన శుక్రవారం ఉపవాస ప్రార్థన కూడా గుర్తొచ్చింది. కోతలున్నా, వానున్నా, కరెంటు లేకపోయినా వచ్చి చాప మీద కూర్చునే ఆ పదిహేను, ఇరవై మంది తల్లులు. ఎవరూ వాళ్ల ఫోటో తీయలేదు. నేను అమెరికాలో తెర మీద చూపించలేదు. మన సంఘం ఇన్నేళ్లు పారిందంటే ఆ మట్టి వల్లే.

సాయంత్రానికి పై కొండల్లోకి వెళ్లాం. గంటకు పైగా ఎక్కే రోడ్డు. చలికాలంలో మంచు పేరుకుంటే నెలల తరబడి మూసేస్తారు. 8,150 అడుగుల ఎత్తున టెనాయా సరస్సు ఉంది. పొద్దున అద్దం చెరువులో ఎండిపోయి కనబడిన వాగు ఇక్కడి నుంచే కిందికి వెళుతుంది. సరస్సు మాత్రం నిండుగా ఉంది. ఒక మైలు పొడుగున నీలంగా, గట్ల మీద పాతకాలపు హిమానీనదాలు రుద్ది నున్నగా చేసిన బండలు సాయంత్రపు ఎండకు మెరుస్తూ. నీళ్లలో చేయి పెడితే వేళ్లు కొంకర్లు పోయాయి.

టెనాయా ఒక మనిషి పేరు. ఆ లోయలో బతికిన అహ్వానీచీ ప్రజల నాయకుడు. 1851లో సైనిక దళం వచ్చి వాళ్లను అక్కడి నుంచి తరిమింది. తర్వాత అతని జ్ఞాపకంగా ఈ సరస్సుకు నీ పేరు పెడుతున్నాం అన్నారట. దీనికి ఇదివరకే పేరు ఉంది అన్నాడట ఆ ముసలాయన. వాళ్ల భాషలో ఆ పేరు పైవియాక్, మెరిసే బండల సరస్సు. తమ్ముడు ఈ సంగతి చెప్పి ఊరుకున్నాడు. పేర్లున్న మనుషుల్ని తీసుకుని నాకు పనికొచ్చే లెక్కగా మార్చింది నేను. ఇక ఆగలేకపోయాను. పాప, చెల్లెమ్మ నీళ్ల దగ్గర ఉన్నారు.

"తమ్ముడూ, పోయిన ఆదివారం నేను చెప్పిన సంఖ్య..." అన్నాను.

"తెలుసు అయ్యగారూ" అన్నాడు.

"మరి ఎందుకు అడగలేదు?"

కాసేపు నీళ్లవైపు చూశాడు. "మందిరంలో మా అమ్మ కూర్చునే చోటు నాకు తెలుసు అయ్యగారూ. అక్కడి నుంచి వెనక గోడ దాకా ఎంతమంది పడతారో కూడా తెలుసు. మీరు చెబుతారని చూశాను. చెప్పకపోతే ఏం చేయాలో నాకూ తెలియలేదు. నేనే కదా మిమ్మల్ని పిలిపించింది."

అప్పుడు అర్థమైంది, నా అబద్ధం అతని మీద కూడా వారం రోజులు కూర్చుందని. ఇద్దరం ఆ బండ మీదే ప్రార్థన చేసుకున్నాం. అతనే చేశాడు. నాకు మాట రాలేదు.

మరుసటి రోజు ఆదివారం. వాక్యానికి ముందు నిలబడి ఉన్న సంగతి చెప్పాను. ఆ ఫోటో క్రిస్మస్‌ది, మా ఆదివారం హాజరు 70, మందిరం మాకు సరిపోతుంది, పైన రేకులు మాత్రం కారుతున్నాయి అని. చాలాసేపు ఎవరూ కదల్లేదు. ఒక పెద్దాయన వచ్చి నా చేయి పట్టుకున్నారు. ఇంకో ఇద్దరు పలకరించకుండానే వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను. నమ్మి వచ్చిన బాటసారులు వాళ్లు.

స్లాబుకు ఇస్తామన్న మొత్తం ఆగిపోయింది. రేకులు మార్చడానికి సరిపడా డబ్బు మాత్రం డిసెంబరులో పంపారు. అది సంఘం ఖాతాలో ఉంది. స్లాబు ఎందుకు రాలేదో మీకు ఇన్నాళ్లూ చెప్పకపోవడం నా రెండో తప్పు. అక్కడ ఒప్పుకున్నవాణ్ని ఇక్కడ ఒప్పుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మీ ముందు చిన్నవాణ్నవుతానని భయం. నన్ను క్షమించండి.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలు లెక్కలు చదివి వినిపిస్తారు. హాజరు పుస్తకం కూడా బల్ల మీద పెడతాం, ఎవరైనా చూడొచ్చు. రేకుల పని ఎండలు ముదరకముందే మొదలుపెడదాం. నా మట్టుకు నేను శుక్రవారం ప్రార్థనలో ఇకనుంచి ముందు కుర్చీలో కాక ఆ తల్లులతోపాటు చాప మీద కూర్చుంటాను. నడిపించమని వాళ్లనే అడిగాను. బండ మీదికి మట్టి చేరడానికి ఎన్నేళ్లు పడుతుందో దేవునికే తెలుసు.

మొన్న తమ్ముడు ఒక వీడియో పంపాడు. వానలు పడ్డాయట, ఆ గోడ మీద నీళ్లు మళ్లీ దూకుతున్నాయి. వెనక పాప గొంతు, "ట్యాప్ తిప్పారు!" అని. చూసి సంతోషించాను. వాళ్ల నానమ్మకు కూడా చూపించాను. ఆమె చూసి, "నీళ్లు బాగున్నాయి గానీ అయ్యగారూ, నా మనవరాలు చిక్కిపోయిందేం?" అంది.

నా కోసం ప్రార్థన చేయండి. మీ కోసం నేను పేరుపేరునా చేస్తున్నాను. ఇప్పుడు లెక్క చిన్నదే కాబట్టి ఎవరినీ మరిచిపోను. మన ప్రభువైన యేసు క్రీస్తు కృప మీ అందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.

మీ సేవకుడు,
పాస్టర్